మెలిక ముగ్గు – అర్థనిర్ణయం: కోనసీమ వాకిలి ఆధారంగా ఒక విమర్శ

ముగ్గులను గురించి తెలుగులో వచ్చిన వ్యాసాలలో చాలావాటికి ఒక స్థిరమైన నడక ఉంది. మొదట ముగ్గు ప్రాచీనతను గురించి రెండు మాటలు ఉంటాయి. తరువాత పద్మం లక్ష్మికి, సర్పం సంతానానికి, నక్షత్రం శివశక్తుల కలయికకు, మెలిక అనంతత్వానికి సంకేతమని ఒక పట్టిక వస్తుంది. చివర చీమలకు ఆహారం, స్త్రీలకు వ్యాయామం అనే రెండు ప్రయోజనాలు చెప్పి వ్యాసం ముగుస్తుంది. సంక్రాంతికి ముందు వెలువడే పత్రికల ప్రత్యేక శీర్షికలలో ఇది కనిపిస్తే ఆక్షేపించనక్కరలేదు. వాటి అవసరం వేరు. పరిశోధన వ్యాసాలలోను, సిద్ధాంత గ్రంథాలలోని జానపద కళల అధ్యాయాలలోను ఇదే పట్టిక ఏ ఆధారమూ చూపకుండా ఒకరి నుంచి మరొకరికి సంక్రమించడం మాత్రం విమర్శకు రావలసిన విషయం.

ఈ పట్టికలో ముగ్గు ఉంటుంది, అర్థం ఉంటుంది, ముగ్గు వేసే మనిషి ఉండదు. ఆమె ఎన్ని చుక్కలు పెట్టింది, ఏ వేళ వేసింది, ఎక్కడ వేసింది, ఏ రోజు వేయలేదు అన్న ప్రశ్నలు అడిగిన జాడ ఉండదు. ఆకృతిని చూసి అర్థం చెప్పడం నిఘంటువు చూసి పద్యానికి తాత్పర్యం రాయడం వంటిది. మెలిక ముగ్గుకు అర్థం ఉంటే అది గీతలో ఒదిగి కూర్చున్న భావం కాదని, వేసే లెక్కలో, వేసిన వేళలో, వేసిన చోటులో పంచబడి ఉంటుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు కొత్తపేట, దాని చుట్టుపక్కల కోనసీమ గ్రామాల వాడుకను ప్రధాన భూమికగా తీసుకుంటున్నాను. శంఖం, చక్రం, ఊర్ధ్వపుండ్రం వంటి లాంఛనాలకు శాస్త్రమూ సంప్రదాయమూ నిర్ణయించిన అర్థాలు ఉన్నాయి. వాటిపై వివాదం లేదు. ఇక్కడ చర్చకు వచ్చేది చుక్కల చుట్టూ తిరిగే మెలిక ముగ్గు, దానితోపాటు పండుగ ముగ్గులు కొన్ని.

మెలిక అనంతత్వానికి సంకేతమన్న వాక్యం మన ప్రాచీన వాఙ్మయంలో ఎక్కడుందో చూపినవారు నాకు తారసపడలేదు. అదే వాక్యం ఐర్లండు, స్కాట్లండులలో నగల దుకాణాల వివరణ పత్రాలలో మాత్రం దాదాపు అదే రూపంలో కనిపిస్తుంది. కెల్టిక్ అల్లికలుగా పేరుపొందిన ఆకృతులకు, మన మెలిక ముగ్గుకు చూపులో గాఢమైన పోలిక ఉంది. మొదలూ తుదీ తెలియని గీత తనను తాను దాటుకుంటూ పైకీ కిందికీ పోతుంది. ఒకదానికి చెప్పిన అర్థం మరొకదానికి అతకడం సులువు. కాబట్టి ఆ అర్థం అక్కడ ఎలా పుట్టిందో తెలుసుకోవడం మనకు అవసరం.

సుమారు 800 ప్రాంతంలో తయారై నేడు డబ్లిన్ ట్రినిటీ కళాశాలలో ఉన్న కెల్స్ గ్రంథం ఈ అల్లికలకు పరాకాష్ఠ. దానిని చిత్రించిన సన్యాసులు ఏ మెలికకు ఏ అర్థమో రాసి పెట్టలేదు. అల్లిక కూడా కెల్టులకే పరిమితమైనది కాదు. రోమన్ల నేల పలకల చిత్రాలలోను, ఈజిప్టు కోప్టిక్ క్రైస్తవుల కళలోను, జర్మానిక్ జాతుల లోహపు పనిలోను దాని బంధువులున్నాయి. కెల్టిక్ చిహ్నంగా నేడు లోకమంతా అమ్ముడయ్యే మూడు సుళ్ల ఆకృతి న్యూగ్రేంజ్ సమాధి రాతిపై ఉంది. ఆ సమాధి నిర్మాణం సుమారు క్రీ.పూ. 3200 నాటిది, అంటే కెల్టిక్ భాషలు ఆ ద్వీపానికి చేరడానికి ఎంతో ముందుది. చెక్కినవారి భాషే తెలియని గుర్తుకు భూమి, ఆకాశం, సముద్రం అని మూడు అర్థాలు పంచిపెట్టారు.

పేర్ల సంగతి ఇంకా విచిత్రం. 1850లో ఐర్లండు తూర్పు తీరాన బెట్టీస్‌టౌన్ దగ్గర దొరికిన ఒక ప్రాచీన పిన్నును డబ్లిన్ నగల వర్తకుడు వాటర్‌హౌస్ కొన్నాడు. ప్రాచీన ఐరిష్ రాజుల పీఠమైన తారా కొండ పేరు దానికి పెట్టి, నకళ్లు చేయించి అమ్మాడు. అది తారాలో దొరకలేదు. అయినా నేటికీ దాని పేరు తారా పిన్నే. పేరు దుకాణంలో పుట్టింది, చరిత్ర ఆ పేరు వెంట నడిచింది.

ఆ కళను శ్రద్ధగా చూసిన పండితులు అర్థం జోలికి తొందరపడి పోలేదు. రోమిల్లీ అలెన్ 1904లో ప్రచురించిన గ్రంథంలో చిక్కని అల్లికలను కొద్దిపాటి మూల ముడులుగా విడదీసి చూపాడు. జార్జ్ బెయిన్ 1951లో తెచ్చిన పుస్తకం, పేరులోనే చెప్పినట్టు, నిర్మాణ పద్ధతుల పుస్తకం. వీరు ఇది ఎలా వేశారు అని అడిగారు. ఇది దేనికి గుర్తు అన్న ప్రశ్నను వెనక్కి నెట్టారు. మన ముగ్గు విమర్శకు ఈ క్రమం ఆదర్శం కాదగినది.

సాహిత్య విద్యార్థులకు మరొక ఉదాహరణ దగ్గరగా ఉంటుంది. అరన్ దీవుల ఊలు స్వెటర్లలో ఒక్కో వంశానికి ఒక్కో కుట్టు ఉంటుందని, సముద్రంలో మునిగినవారిని ఆ కుట్టును బట్టి గుర్తుపట్టేవారని ఒక కథ ప్రచారంలో ఉంది. దీనికి మూలంగా తరచు చూపేది 1904లో ప్రదర్శితమైన జె. ఎం. సింగ్ నాటిక ‘రైడర్స్ టు ది సీ’. నాటికలో జరిగేది వేరు. చనిపోయిన అన్న మేజోడును చెల్లెలు గుర్తుపట్టడానికి వంశ చిహ్నం కారణం కాదు. తాను అల్లినప్పుడు ఎన్ని కుట్లు ఎక్కించిందో, ఎన్ని వదిలిందో ఆమెకు గుర్తుంది. చేసిన చేతికి తెలిసిన లెక్క అది. ప్రచార కథ ఆ లెక్కను తీసివేసి దాని స్థానంలో సంకేతాన్ని పెట్టింది. ముగ్గుల విషయంలో మనం చేస్తున్న పని సరిగ్గా ఇదే.

ఇక లెక్క దగ్గరకు వద్దాం. కొత్తపేట వీధిలో ఒక ఇల్లాలు మరొక ఇల్లాలికి ముగ్గు చెప్పవలసి వచ్చినప్పుడు పద్మమనో అనంతమనో చెప్పదు. పదిహేను చుక్కలు, ఎనిమిది వచ్చేవరకు, సందు చుక్క అని చెబుతుంది. ఈ నాలుగు మాటలలో ముగ్గు మొత్తం స్థలం ఉంది. నడుమ వరుసలో 15, దానికి పైనా కిందా 14, 13 అని తగ్గుతూ 8 వరకు, ప్రతి వరుస చుక్కలూ పై వరుస సందులలో పడతాయి. మొత్తం 169 చుక్కలు, ఆరు అంచుల ఆకారం. ఏడు చుక్కలు, ఒకటి వచ్చేవరకు, సరి చుక్క అంటే 7, 5, 3, 1. చుక్క కింద చుక్క. మొత్తం 25, పలక ఆకారం. సందు, సరి అన్న రెండు మాటల తేడాతో వాకిలి స్వరూపమే మారిపోతుంది. తెలుగు శాఖలలో ఛందస్సు బోధించే మనకు ఇది కొత్తగా తోచకూడదు. న జ భ జ జ జ ర అన్న ఏడు గణాలు చంపకమాల భావాన్ని చెప్పవు, కాని అవి లేకుండా చంపకమాల లేదు. చుక్కల సూత్రం ముగ్గుకు లక్షణం. లక్షణాన్ని వదిలి లక్ష్యాన్ని వ్యాఖ్యానించే పద్ధతిని పద్యం విషయంలో ఒప్పుకోని మనం ముగ్గు విషయంలో ఎందుకు ఒప్పుకుంటున్నాం?

మెలిక ముగ్గులో చుక్కల మీదుగా గీత పోదు, చుక్కల చుట్టూ తిరుగుతుంది. అంచు చేరినప్పుడు మళ్లుతుంది. గీత తెగకుండా బయలుదేరిన చోటికి రావాలన్నది వేసేవారి పట్టుదల. ఇక్కడ ఒక చిన్న గణితం ఉంది. నిలువుకు 3, అడ్డానికి 4 చుక్కలు పెట్టి ఏ మార్పూ చేయకుండా చుట్టుకుంటూ పోతే ముగ్గు మొత్తం ఒకే గీతగా ముగుస్తుంది. అదే 3, 3 పెడితే ఒక గీత అన్ని చుక్కలనూ చుట్టదు. మూడు వేర్వేరు గీతలు కావాలి. 4, 6 పెడితే రెండు. రెండు సంఖ్యల గరిష్ఠ సామాన్య భాజకం ఎంతో గీతలు అన్ని. కెల్టిక్ జడ అల్లికలకూ ఇదే సూత్రం వర్తిస్తుందని గణితవేత్తలు చూపారు. మద్రాసు క్రైస్తవ కళాశాలకు చెందిన గిఫ్ట్ సిరొమణి, ఆయన సహచరులు 1974 నుంచి తమిళ కోలాలను వ్యాకరణ సూత్రాలుగా రాసి చూపిన కృషి కంప్యూటరు శాస్త్రంలో ప్రసిద్ధం. తెలుగు ముగ్గుకు అటువంటి పని తెలుగు శాఖల వైపు నుంచి జరగవలసే ఉంది.

ఈ లెక్క సంకేతవాదాన్ని ఇరుకున పెడుతుంది. తెగని ఒకే గీత అనంతత్వానికి సంకేతమైతే 3, 3 చుక్కల ముగ్గు దేనికి సంకేతం? దూరం నుంచి చూసేవారికి రెండూ ఒకే జాతి అల్లికలు. ఒకదానిలో ఒక గీత, మరొకదానిలో మూడు గీతలు అన్న సంగతి వేసినవారికి, వేలితో వెంబడించినవారికి మాత్రమే తెలుస్తుంది. మూడు గీతలు త్రిమూర్తులని చెప్పేవారు రేపు రావచ్చు. అప్పుడు 4, 6 చుక్కల ముగ్గు ద్వైతం కావలసి ఉంటుంది. అనంతత్వమన్న వ్యాఖ్యానం చేసినవారు గీతలు లెక్కపెట్టలేదన్నదే ఇందులో తేలే విషయం.

మన అలంకారశాస్త్రంలో ఇటువంటి రచనకు ఒక పేరు, ఒక స్థానం ముందే ఉన్నాయి. అది చిత్రకవిత్వం. నాగబంధం, పద్మబంధం, చక్రబంధం, రథబంధం మొదలైన పేర్లు చదివినప్పుడు ముగ్గుల పేర్లు గుర్తుకు రాకుండా ఉండవు. నాగబంధం, పద్మం, రథం వాకిట కూడా ఉన్నాయి. ఈ పోలిక పేరుతో ఆగదు. నాగబంధంలో పద్యాన్ని పాము మెలికల వెంట రాస్తారు. మెలిక మెలికను దాటే చోట ఒకే అక్షరం రెండు పాదాలకు పనిచేస్తుంది. పాఠకుడు ఆ దారి వెంట పోవాలి. పాము ఆకారం పద్యానికి కొత్త భావం చేర్చదు. ఆ కష్టమైన దారిలో అక్షరం తప్పకుండా తిరిగి వచ్చిందన్నదే అక్కడి ఆనందం. ‘పారిజాతాపహరణం’లో నంది తిమ్మన ఎడమ నుంచి చదివినా కుడి నుంచి చదివినా ఒకటిగా ఉండే కందం కూర్చినప్పుడు, ఆ తిరుగుబాటుకు ఏ వేదాంతార్థమూ మనం చెప్పము, నిర్వాహాన్ని మెచ్చుకుంటాము.

ఆలంకారికులు చిత్రానికి పెద్దపీట వేయలేదు. ఆనందవర్ధనుడు చిత్రాన్ని ముఖ్య కావ్యంగా కాక కావ్యానుకరణంగా చూశాడు; మమ్మటుడు వ్యంగ్యం లేని దానిని అవరమన్నాడు. ధ్వని కావ్యానికి ఆత్మ అయితే ధ్వని లేనిది కింది మెట్టుకు పోక తప్పదు. ముగ్గుకు సంకేతార్థాలు అతికించే పని వెనుక ఈ తారతమ్య భావమే ఉందని నాకు తోస్తుంది. ముగ్గు వట్టి అలంకారమని ఎవరైనా అంటారేమో, స్త్రీల పొద్దుపోని పని అంటారేమో అన్న బెదురు వల్ల వ్యాసకర్తలు దానికి ఒక వ్యంగ్యార్థం సంపాదించి పై మెట్టు ఎక్కించాలనుకుంటున్నారు. ఉద్దేశం మంచిదే. కాని ఫలితం తలకిందులైంది. వేసినవారి నైపుణ్యం, జ్ఞాపకం, లెక్క అన్నీ పక్కకు పోయి, వారికి తెలియదనుకున్న ఒక తాత్త్వికార్థం ముందుకు వచ్చింది. ఆ అర్థం తెలిసినవాడు పండితుడు. ముగ్గు వేసిన ఆమె తెలియక మోసుకొచ్చిన వాహిక. ఇది గౌరవం కాదు.

గోదావరి డెల్టాలోనే ఇందుకు మరొక సాక్ష్యం ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా ఇక్కడికి వచ్చిన లేసు అల్లిక నరసాపురం చుట్టూ, నదికి ఇవతల కోనసీమలోను వేలాది ఇళ్లలో జీవనాధారమైంది. మరియా మీస్ 1982లో ప్రచురించిన అధ్యయనం దీనిని గురించినదే. అల్లేవారిని కార్మికులుగా కాక తీరిక వేళ పనిచేసుకునే గృహిణులుగా లెక్కించడమే వారి కూలి అంత తక్కువగా ఉండడానికి వీలు కల్పించిందని ఆమె వాదన. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆకృతికి వచ్చే గౌరవం, చేతికి వచ్చే గౌరవం ఒకటి కావన్నది ఇక్కడ ప్రస్తుతం. ముగ్గుకు కూలి లేదు కనుక ఆ తేడా కనిపించదు. పెద్ద ఇళ్లలో వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టేది చాలాసార్లు పనిమనిషి. అక్కడ ముగ్గు కూలిలో భాగమే. ఆ ముగ్గు లక్ష్మిని ఎవరి ఇంటికి పిలుస్తున్నట్టు? సంకేత పట్టిక ఈ ప్రశ్నకు చోటివ్వదు.

విక్టర్ టర్నర్ 1967 నాటి ‘ది ఫారెస్ట్ ఆఫ్ సింబల్స్’లో ఆచార చిహ్నాల అర్థాన్ని మూడు స్థాయిలలో చూడమన్నాడు. ఆచరించేవారు చెప్పే వివరణ ఒకటి. వారు దానితో చేసే పని రెండోది. ఇతర చిహ్నాల నడుమ దానికున్న స్థానం మూడోది. మన పట్టికలు మొదటి స్థాయిలోనే ఆగాయి. అదైనా ఆచరించేవారి నోటి నుంచి వచ్చినది కాదు. జానపదులు తమ కళను గురించి తామే చేసే వ్యాఖ్యను సేకరించాలని అలెన్ డండిస్ 1966లోనే చెప్పాడు. ముగ్గు వేసేవారిని ఎందుకని అడిగితే సాధారణంగా వచ్చే సమాధానం అమ్మ ఇలాగే వేసేదని. పరిశోధకులు దీనిని సమాధానం లేకపోవడంగా భావించి పుస్తకం తెరుస్తారు. నిజానికి అది పూర్తి సమాధానం. ముగ్గు ఒక పాఠమని, దానికి పాఠ పరంపర ఉందని ఆ మాట చెబుతోంది. తాళపత్ర ప్రతుల పరంపరను అంత శ్రద్ధగా కట్టే మనం తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి వచ్చిన ముగ్గులో పాఠాంతరాలు ఎందుకు చూడము?

రెండో, మూడో స్థాయిలకు కోనసీమ వాకిలి పుష్కలంగా ఆధారాలిస్తుంది. నెలగంట పెట్టినప్పటి నుంచి ముక్కనుమ వరకు ముగ్గు రోజురోజుకు పెరుగుతుంది. మామూలు రోజుల నాలుగు గీతలు ధనుర్మాసంలో చుక్కల ముగ్గవుతాయి; గొబ్బెమ్మలు, గుమ్మడిపూలు వచ్చి నడుమ కూర్చుంటాయి; భోగికి కుండలు, వైకుంఠ ఏకాదశికి ద్వారాలు, పండుగ చివర రథం. ఏ ముగ్గునూ విడిగా తీసి చూస్తే ఈ క్రమం కనిపించదు. నిన్నటి ముగ్గు కన్నా ఇవాళ్టిది పెద్దదన్నదే అర్థం. పద్యాన్ని ప్రబంధం నుంచి విడదీసి చదివినట్టు ముగ్గును నెల నుంచి విడదీసి చదవలేము.

అన్నిటికన్నా స్పష్టమైన అర్థం ముగ్గు లేకపోవడంలో ఉంది. చావు జరిగిన ఇంటి ముందు మైల తీరేవరకు ముగ్గు ఉండదు. తద్దినం రోజు ఉదయం వాకిలి ముగ్గు లేకుండా ఉంచే ఇళ్లు ఉన్నాయి. తెల్లవారి పాలవాడు, పేపరువాడు, ఎదురింటివారు ఆ వాకిలిని చూసి తలుపు తట్టకుండానే గ్రహిస్తారు. ఏ మెలికా ఏ పద్మమూ ఇంత కచ్చితంగా మాట్లాడదు. ఏ ఆకృతి వేశారన్నది ఇక్కడ విషయం కాదు. వేశారా లేదా అన్నదే విషయం. ఒంటి గీత పనికిరాదని, పక్కన రెండో గీత ఉండాలని పెద్దలు అనడంలోనూ సంఖ్యే మాట్లాడుతోంది, బొమ్మ కాదు.

చోటు మారితే అర్థం మారే తీరుకు అష్టదళ పద్మం చక్కని ఉదాహరణ. వ్రతం నాడు పీట మీద వేసిన పద్మం దేవతను ఆవాహన చేసే స్థానం. దానిని కాలితో తాకితే అపచారం. అదే పద్మం వాకిట వేస్తే ఆవు తొక్కుతుంది, హరిదాసు తొక్కుతాడు, బడికి పోయే పిల్లలు తొక్కుతారు. ఎవరికీ అపచారం అంటదు. గీతలు అవే, దళాలు ఎనిమిదే. పద్మం లక్ష్మి అని మాత్రమే చెప్పే పట్టిక ఈ రెంటికీ తేడా చెప్పలేదు.

తెలుగు నుడికారం కూడా ఈ వైపే సాక్ష్యం పలుకుతుంది. ఒకరిని పన్నాగంలోకి లాగడాన్ని ముగ్గులోకి దించడం అంటాము. ఇల్లు కట్టబోయే స్థలంలో పునాది గుర్తులు పెట్టడాన్ని ముగ్గు పోయడం అంటాము. నెరిసిన తలను ముగ్గుబుట్ట అంటాము. మొదటి రెండింటిలో ముగ్గు ఒక హద్దు, అడుగుపెట్టే స్థలం. మూడోదానిలో వట్టి తెల్లని పొడి. మ్రుగ్గు అన్న ప్రాచీన రూపం నుంచి నేటి వాడుక దాకా భాష దాచుకున్న భావాలు ఇవి. అనంతత్వాన్ని, మోక్షాన్ని ముగ్గుతో ముడిపెట్టిన జాతీయం మన నోట లేదు. భాష ఒప్పుకోని అర్థాన్ని బొమ్మపై మోపేటప్పుడు భాషా శాఖలు కొంచెం జంకవలసింది.

చీమలకు ఆహారమన్న వివరణను ఇక్కడే చూడవచ్చు. బియ్యప్పిండితో వేసే చోట అది అర్థవంతమైన మాటే. తమిళ కోలంపై విజయా నాగరాజన్ 2018లో తెచ్చిన గ్రంథం శీర్షికలోనే వేయి ప్రాణాలకు తిండి పెట్టడమన్న భావన ఉంది. గోదావరి సీమ వాకిట రోజూ వాడేది ఎక్కువగా అంగడిలో కొన్న రాతిపొడి, సున్నపుపొడి. పూజ దగ్గర, శుభకార్యాలలో బియ్యప్పిండి వాడతారు. రాతిపొడితో చీమల ఆకలి తీరదు. వివరణ పొరుగు భాష నుంచి వచ్చింది, పదార్థం ఇక్కడిదే మిగిలింది. ఏ పిండి అని ఒక్కసారి అడిగి ఉంటే ఈ పొరపాటు జరిగేది కాదు.

ఆకృతికి అర్థం అసలే ఉండదన్నది నా వాదన కాదు. అవనీంద్రనాథ్ ఠాకూర్ 1919 నాటి ‘బాంగ్లార్ బ్రత’లో వ్రతాలకు వేసే ఆలిపనలను కోరికల బొమ్మలుగా చదివాడు, కావలసిన నగను, ధాన్యాన్ని గీసి వ్రతిని కోరుకుంటుంది. ఆ అర్థం నిలుస్తుంది. ఎందుకంటే పక్కనే వ్రతకథ ఉంది, కోరిక పైకి చెప్పబడుతుంది, ఫలశ్రుతి ఉంది. అర్థానికి అక్కడ వాచిక ఆధారం ఉంది. మెలిక ముగ్గుకు అటువంటి కథ ఉన్నచోట దానిని సేకరించాలి, లేనిచోట కల్పించకూడదు. డిసెంబరు 31 రాత్రి అదే వాకిట కొత్త సంవత్సరపు శుభాకాంక్షలు ముగ్గుగా వెలుస్తాయి. క్రైస్తవ గృహాల ముందు క్రిస్మస్ నక్షత్రం కనిపిస్తుంది. చేయి అదే, చుక్కల లెక్క అదే. ఆరు కోణాల నక్షత్రం శివశక్తుల కలయికని రాసిన వ్యాసకర్త ఆ వాకిట ఏమంటారో తెలుసుకోవాలని ఉంది.

కోనసీమలోనే ఒక చిహ్నం మన కళ్లెదుట తన చోటు విడిచి ప్రయాణం చేసింది. అది ప్రభ. వెదురు గడలతో కట్టి, రంగు వస్త్రాలు, నెమలి ఈకలు, పూలు, గంటలతో అలంకరించి, ఊరి శివుని ఉంచి భుజాలపై మోసే ఈ నిర్మాణం కొత్తపేటలో సంక్రాంతి తీర్థానికి వస్తుంది. కనుమ నాడు అంబాజీపేట మండలం మొసలపల్లి జగ్గన్నతోటలో చుట్టుపక్కల గ్రామాల ఏకాదశ రుద్రుల ప్రభలు కలుస్తాయి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక నీటిలో దిగి దాటడం చూడడానికి జనం విరగబడతారు. ప్రభలు వరిచేల నడుమ నుంచి పోతాయి. తమ చేను తొక్కుడుపడితే రైతులు అశుభమనుకోరు, శుభమనుకుంటారు. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటానికి ఈ ప్రభల తీర్థమే ఇతివృత్తమైంది. ఢిల్లీ కర్తవ్యపథంలో ప్రభ అందంగానే ఉంది, కాని దానికి దాటవలసిన ఏరు లేదు, తొక్కవలసిన చేను లేదు. అక్కడ అది ఆంధ్ర సంస్కృతికి గుర్తుగా నిలిచింది. ప్రభ దేనికి గుర్తు అన్న ప్రశ్నకు కచ్చితమైన జవాబు దొరికింది అక్కడే, దాని పని ఆగిపోయిన చోట. తారా పిన్నుకు జరిగింది ఇదే. దీనిని తప్పుపట్టనక్కరలేదు, ప్రదర్శనకు చిహ్నం కావాలి. పరిశోధన మాత్రం శకటాన్ని చూసి తీర్థాన్ని వివరించకూడదు.

సిమెంటు వాకిళ్లు, చిల్లుల అచ్చులు, అతికించే ముగ్గులు వచ్చిన తరువాత పోగొట్టుకుంటున్నదేమిటో చెప్పడానికి కూడా సంకేత పట్టిక పనికిరాదు. పద్మం అచ్చులోనూ పద్మమే కనుక పట్టిక ప్రకారం ఏమీ పోలేదు. పోతున్నది పదిహేను చుక్కలు, ఎనిమిది వచ్చేవరకు అన్న సూత్రం. గీత ఎక్కడ మళ్లాలో చేతికి తెలియడం. తప్పు పడితే ఏ చుక్క దగ్గర తప్పిందో తెల్లవారుజామున నిలబడి వెనక్కి లెక్కించడం. ఛాయాచిత్రంలో పూర్తయిన ముగ్గు మాత్రమే పడుతుంది. చుక్కలు పెట్టిన క్రమం, గీత మొదలైన చోటు, ఒకే గీతా మూడు గీతలా అన్నది, వేసినవారు దానికి పెట్టుకున్న పేరు, ఎవరి దగ్గర నేర్చారన్నది పక్కన రాయకపోతే ఆ చిత్రం శిథిల ప్రతి వంటిదే. ఈ వివరాలతో ఒక్క మండలంలో ఒక్క ధనుర్మాసం పొడుగునా సేకరణ జరిగితే ఇన్నాళ్ల పట్టికలకన్నా ఎక్కువ విషయం చేతికి వస్తుంది.

అటువంటి సేకరణలో రథం ముగ్గును చివరి రోజుకు వదలకుండా ప్రత్యేకంగా చూడాలి. పండుగను సాగనంపుతూ వేసే ఈ రథానికి తాడు గీస్తారు. ఆ తాడు వాకిలి దాటి వీధిలోకి పోయి పొరుగింటి తాడుతో కలుస్తుంది. ఏ ఇంటి తాడు ఏ ఇంటి దాకా పోయింది, ఏ మలుపు దగ్గర ఆగింది, ఏ ఇల్లు దాటి ఆవలి ఇంటితో కలిసింది అన్నది ఒక కాగితంపై గీస్తే ఆ వీధి బంధుత్వాలు, కులాల హద్దులు, మాటలు లేని ఇళ్లు అన్నీ అందులో బయటపడతాయి. ముక్కనుమ మర్నాడు ఉదయం కళ్లాపి చల్లేలోగా ఆ పని జరగాలి.